కుచ్చు పెట్టే ముందు



చాలా ఇళ్లలో ఇలాంటి గౌను ఒకటి ఉంటుంది. ఆరేళ్ల పాపది. నిరుడు దసరాకు కుట్టించింది. భుజాలు ఇంకా సరిపోతున్నాయి. చంకల్లో బిగుతుగా లేదు. నడుము దగ్గర కూడా ఇబ్బంది లేదు. పొడవు మాత్రం మోకాళ్ల మీదికి వచ్చేసింది. ఆ వయసు పిల్లలు నిలువునా సాగుతారు గానీ అంత తొందరగా ఒళ్లు చేయరు. గుడ్డ చూస్తే కొత్తగానే ఉంది. రంగు దిగలేదు. పైగా పాపకు ఆ గౌనంటే ప్రాణం.

దాన్ని పక్కన పెట్టేయనక్కర్లేదండీ. కింద నాలుగు అంగుళాల కుచ్చు ఒకటి వేయండి. ఇంకో ఏడాది హాయిగా తొడుక్కుంటుంది. కుచ్చు అనండి, ఫ్రిల్లు అనండి, ఏ మ్యాచింగ్ సెంటర్‌లో అడిగినా తెలిసిన పనే ఇది.

నేను ఎల్‌బీ నగర్ దగ్గర ఒక కాలనీలో కుట్టు నేర్పుతుంటాను. చైతన్యపురి నుంచి, కొత్తపేట నుంచి, కర్మన్‌ఘాట్ నుంచి, వనస్థలిపురం నుంచి అక్కచెల్లెళ్లు వస్తుంటారు. జాకెట్టు కుట్టడం చక్కగా వచ్చినవాళ్లు కూడా కుచ్చు అనేసరికి కాస్త జంకుతారు. ఒకచోట గుంపుగా, ఒకచోట పల్చగా వచ్చిందంటారు. దారం తెగిపోయిందంటారు. తీరా కుట్టాక కుచ్చు బిర్రుగా నిలబడింది, కిందికి జారడం లేదంటారు. వాళ్లందరికీ నేను చెప్పే మాట ఒకటే. మీకూ అదే చెబుతాను. కుచ్చు బాగోగులు మిషన్ మీద కూర్చున్నాక తేలేవి కావు. గుడ్డ కొలిచేటప్పుడే, కత్తిరించేటప్పుడే చాలావరకు తేలిపోతాయి. మిషన్ పని ఆఖరిది.

రేడియో వింటూనే ఒక చిన్న పని చేయండి. మీ కొంగు అంచో, చున్నీ అంచో చేతిలోకి తీసుకోండి. జానెడు అంచును కొలుచుకోండి. దాన్ని వేళ్లతో దగ్గరకు లాగుతూ అర జానెడుకు తెండి. చిన్న చిన్న మడతలు లేచాయి కదా. అదీ రెండింతల కుచ్చు. అంటే ఒక వంతు జాగాలో రెండు వంతుల గుడ్డ కూర్చుంది. ఇప్పుడు ఆ జానెడునే ఇంకా లాగండి. బెత్తెడుకు తెండి, నాలుగు వేళ్ల వెడల్పుకు. జానకు మూడు బెత్తెలు కాబట్టి ఇది మూడింతల కుచ్చు.

మీ చేతిలో ఉన్నది పల్చని జార్జెట్ అయితే మూడింతలు కూడా బాగానే ఉంటుంది. దళసరి నూలు చీర అయితే ఆ మూడింతలు పిడికిట్లో ఉండలా అనిపిస్తుంది. ఈ తేడాను వేళ్లతో తెలుసుకోవాలి. పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. కాబట్టి గుడ్డ దళసరిగా ఉంటే ఒకటిన్నర ఇంతలు చాలు. మామూలు పల్చని నూలుకు, మల్‌మల్‌కు రెండింతలు. జార్జెట్‌కు, షిఫాన్‌కు రెండున్నర. నెట్‌కు మూడు. అంకెలు మరిచిపోయినా ఈ మాట మరవకండి. గుడ్డ ఎంత పల్చనైతే కుచ్చుకు అంత ఎక్కువ గుడ్డ కావాలి.

ఇప్పుడు ఆ పాప గౌను దగ్గరకు వద్దాం. కింది అంచు చుట్టూ టేపు పెట్టి కొలిచామనుకోండి. 60 అంగుళాలు వచ్చింది. గౌను దళసరి నూలుది. ఒకటిన్నర ఇంతలు అంటే 90 అంగుళాల పట్టీ కావాలి. దుకాణంలో గుడ్డ పన్నా 44 అంగుళాలు ఉంది. అడ్డంగా రెండు పట్టీలు కత్తిరించి కలిపితే 88. రెండు జోడింపుల కుట్లలో ఒక రెండంగుళాలు పోతాయి. 86 మిగిలింది. నాలుగంగుళాలు తగ్గిందని మూడో పట్టీ కత్తిరించనక్కర్లేదు. ఆ మాత్రం తేడా కంటికి కనిపించదు.

మరి పట్టీ ఎత్తు? కనిపించే కుచ్చు నాలుగంగుళాలు. పైన గౌనులో కలిసే కుట్టుకు అర అంగుళం. కింద అంచు మడతకు ముప్పావు అంగుళం. మొత్తం ఐదుంపావు. రెండు పట్టీలకు కలిపి పదిన్నర అంగుళాల గుడ్డ. అర మీటరు కొంటే ఇంకా మిగులుతుంది. చూశారా, గౌను మొత్తం కొత్తది కుట్టించే ఖర్చెక్కడ, అర మీటరు గుడ్డ ఎక్కడ!

ఆ అర మీటరు గుడ్డను మాత్రం ఇంటికి తేగానే కత్తిరించకండి. ముందు నీళ్లలో నానబెట్టి, ఆరేయండి. పాత గౌను ఏడాదిగా ఉతుకులు తిని ఉంది. అది కుంచించుకోవాల్సినంత కుంచించుకుపోయింది. కొత్త గుడ్డ ఇంకా కుంచించుకోలేదు. అలాగే రెండూ కలిపి కుట్టేస్తే మొదటి ఉతుకులోనే కుచ్చు బిగుసుకుపోతుంది. ఎర్రగుడ్డ అయితే రంగు దిగి తెల్ల గౌనును పాడుచేస్తుంది. నానబెట్టిన నీళ్లలో రంగు వస్తుంటే, రాకుండా పోయేదాకా ఉతికాకే కత్తెర పట్టండి. లేదా ఆ గుడ్డను ఇంకో పనికి వాడుకోండి. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

ఇక కత్తిరించే దిక్కు. ఇది చాలామంది పట్టించుకోరు. గుడ్డలో నిలువు దారాలు పడుగు, అడ్డ దారాలు పేక. పడుగు దారం మగ్గం మీద బిగువుగా సాగి ఉంటుంది కాబట్టి అది గట్టిది, తిన్ననిది. కుచ్చు వేసుకున్నాక ఆ పడుగు దారం పైనుంచి కిందికి వేలాడాలి. అప్పుడు మడతలు నీళ్లు జారినట్టు జారతాయి. అందుకే పట్టీని పన్నా వెంబడి అడ్డంగా, ఈ కొస నుంచి ఆ కొసకు కత్తిరించమంటాను. పొడవునా కత్తిరిస్తే జోడింపులు తగ్గుతాయి, నిజమే. కానీ కుచ్చు కాస్త బిర్రుగా నిలబడుతుంది. ఇందాక చెప్పానే, కుచ్చు జారడం లేదని అడుగుతారని, దానికి చాలాసార్లు కారణం ఇదే.

అయితే అమ్మ పాత చీరతో పాపకు గౌను కుడుతున్నప్పుడు లెక్క మారుతుంది. చీర అంచు పొడవునా ఉంటుంది. ఆ జరీ అంచే కుచ్చుకు కింద రావాలని మనసు కోరుతుంది. అలా కావాలంటే పట్టీని చీర పొడవునే కత్తిరించాలి. తప్పదు. అప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకోండి. కుచ్చు ఇంతలు తగ్గించండి. రెండింతలు వేయాలనుకున్నచోట ఒకటిన్నర వేయండి. జరీ అంచు బరువైనది కాబట్టి కుచ్చు ఎత్తు కూడా కాస్త పెంచండి. బరువు కిందికి లాగి, మడతలు తిన్నగా పడతాయి. పైగా అంచు మడిచి కుట్టే పని తప్పుతుంది. చీర అంచు దారం ఊడదు కదా. అమ్మ పెళ్లినాటి చీర అంచు కూతురి పరికిణీ కింద కుచ్చుగా రావడం నాకు ఎంతో ఇష్టమైన పని. అలాంటి చీర చేతికొస్తే నేను ఆ రోజు వేరే పని పెట్టుకోను.

ఇప్పుడు మిషన్ దగ్గరకు వెళ్దాం. మెల్లగా చెబుతాను.

మొదటి పని, పట్టీ కింది అంచు మడిచి కుట్టేయడం. కుచ్చు పెట్టకముందే. పట్టీ తిన్నగా ఉన్నప్పుడు అంచు కుట్టడం నిమిషాల పని. కుచ్చు పెట్టేశాక అదే అంచు వంకరలు పోతుంది, వేళ్లకు దొరకదు. పీకో చేయించాలన్నా ఇప్పుడే చేయించుకోండి. మళ్లీ చెబుతున్నాను. అంచు ముందు, కుచ్చు తర్వాత.

రెండో పని, గుర్తులు పెట్టడం. పట్టీని గుండ్రంగా జోడించాక నాలుగు సమాన భాగాలుగా మడవండి. మడత పడ్డచోటల్లా సుద్దతో గీత పెట్టండి. గౌను అంచును కూడా అలాగే నాలుగు భాగాలు చేసి గీతలు పెట్టండి. పట్టీ మీద నాలుగు గీతలు, గౌను మీద నాలుగు గీతలు. గీత మీద గీత వస్తే ఏ భాగంలో పడాల్సిన గుడ్డ ఆ భాగంలోనే పడుతుంది. ఒకచోట గుంపు, ఒకచోట పల్చన అనే బాధకు మందు ఇదే. కుచ్చు పెద్దదైతే నాలుగు కాదు, ఎనిమిది గీతలు పెట్టండి.

మూడో పని, కుచ్చు దారం వేయడం. మిషన్ కుట్టును బాగా పెద్దది చేసుకోండి. పైదారం బిగువు కొంచెం వదులు చేయండి. బాబిన్‌లో వేరే రంగు దారం చుట్టుకోండి, గుర్తు తెలియడానికి. పట్టీ పై అంచు నుంచి పావు అంగుళం లోపల ఒక వరస. దాని కింద ఇంకో పావు అంగుళం దిగి రెండో వరస. ఒక్క వరస చాలదా అని అడుగుతారు. చాలదండీ. ఒక్క వరస మీద మడతలు అటూ ఇటూ తిరుగుతాయి. రెండు వరసలు ఉంటే మడతలు నిటారుగా నిలుస్తాయి. అసలు కుట్టు ఆ రెండు వరసల నడుమ పడుతుంది.

ఆ వరసలు మొత్తం చుట్టూ ఒకే దారంతో వేయకండి. సగం దగ్గర ఆపి, దారం కాస్త పొడవు వదిలి కత్తిరించి, మళ్లీ మొదలుపెట్టండి. మీటర్ల కొద్దీ గుడ్డను ఒకే దారం మీద లాగబోతే దారం తెగడం ఖాయం. లాగేటప్పుడు బాబిన్ దారాలు మాత్రమే లాగండి, రెండూ కలిపి. ఒక కొసన ముడి వేసి, రెండో కొస నుంచి మెల్లగా లాగుతూ, ఇంకో చేతి వేళ్లతో మడతలను వెనక్కి జరుపుకుంటూ పోవాలి. తొందర వద్దు. గీతలు గీతలతో కలిశాక గుండుసూదులు పెట్టండి. చేతికి ఎత్తి పట్టుకుని కాస్త దూరం నుంచి చూడండి. గుంపు ఎక్కడుందో అప్పుడు కంటికి తెలుస్తుంది. కుట్టాక విప్పడం కన్నా ఇప్పుడు వేలితో జరపడం ఎంతో సులువు.

ఆఖరున కుట్టు. కుచ్చు వైపు పైకి ఉండాలి, గౌను వైపు కింద ఉండాలి. కంటికి కనిపించే మడతను మనం సరిచేయగలం, కింద దాక్కున్న మడతను చేయలేం. కుట్టు సైజు మళ్లీ మామూలుకు తెచ్చుకోవడం మరవకండి. సూది ముందు మడతలను దబ్బనం మొనతో సర్దుతూ, రెండు వరసల మధ్యగా పోనివ్వండి. వేలు సూది దగ్గరకు తేకండి. కుట్టడం అయ్యాక పైకి కనిపించే రంగు దారం వరసను లాగి తీసేయండి. లోపలి అంచుకు ఓవర్‌లాక్ చేయించండి, లేకపోతే పాప కాళ్లకు దారాలు గుచ్చుకుంటాయి.

నెట్ కుచ్చుల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. మొదటి పుట్టినరోజుకు నెట్ గౌను వేసిన పిల్లలు ఫంక్షన్ హాల్లో ఎందుకు ఏడుస్తారో చాలామందికి అర్థం కాదు. నడుము దగ్గర నెట్ మడతల కొసలు ఆ లేత ఒంటికి గీసుకుంటాయి. పైన ఎంత మెరిసినా లోపల మెత్తని నూలు లైనింగ్ ఉండి తీరాలి. ఆ కొసలన్నీ లైనింగ్ వెనక్కి పోవాలి. పిల్లల బట్ట కుట్టేవాళ్లు కుట్టు పూర్తయ్యాక లోపలి వైపు తమ చెంపకు ఆనించి చూసుకోవాలి. గుచ్చుకుంటే ఇవ్వకూడదు.

ఇంత చెప్పాక మీకు ఒకటి తట్టే ఉంటుంది. ఇది గౌను కిందికే కాదు. బుట్టచేతుల రవికల్లో భుజం మీద లేచే గుబురు ఇదే కుచ్చు. పాత ఫొటోల్లో మన అమ్మమ్మలు వేసుకున్న బుట్టచేతులు మళ్లీ ఇప్పుడు పెళ్లిళ్లలో కనిపిస్తున్నాయి. అక్కడా రెండు వరసల దారమే, గీత మీద గీతే. ఒక్క తేడా. బుట్టచేతికి కుచ్చంతా భుజం పైభాగానే రావాలి, చంక వైపు సాదాగా ఉండాలి. చంకలో కుచ్చు పడితే చెయ్యి ఎత్తలేరు.

మన ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నిలబడితే రెండు పెద్ద దారులు కనిపిస్తాయి. ఒకటి సాగర్ రోడ్డు. ఇంకొకటి విజయవాడ హైవే. కుట్టుపని చేసేవారికి ఈ రెండు దారులూ రెండు పాఠాలు చెబుతాయి.

సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం, మాల్ దాటి వెళ్తే దేవరకొండ వైపు లంబాడీ తండాలు వస్తాయి. అక్కడి పెద్దావిడలు కట్టే ఫేటియాను ఎప్పుడైనా దగ్గరగా చూడండి. ఎర్రటి, దళసరి గుడ్డ. అద్దాలు, రంగుల దారపు పని. అంత బరువైన ఘాగ్రా నడుము దగ్గర కుచ్చి, బొందుతో బిగుస్తుంది. ఇందాక దళసరి గుడ్డకు తక్కువ కుచ్చు అన్నాను కదా. మరి వాళ్లు అంత గుడ్డను ఎలా కుచ్చుతారు? వాళ్లు కుచ్చును నడుము చుట్టూ పరిచి పెడతారు. కింద అంచు విప్పారి ఉండటం వల్ల పెద్ద పెద్ద అంగలు వేయొచ్చు, పొలంలో కూర్చుని లేవొచ్చు, గుండ్రంగా తిరుగుతూ ఆడొచ్చు. అక్కడ కుచ్చు సింగారం మాత్రమే కాదు, కాలికి చోటు ఇవ్వడం కూడా. ఆడపిల్లకు గౌను కుట్టేటప్పుడు నేను దీన్నే తలుచుకుంటాను. ఆ పిల్ల పరుగెత్తగలగాలి. మెట్లెక్కగలగాలి. బతుకమ్మ చుట్టూ వంగి చప్పట్లు కొట్టగలగాలి. నిలబడితే బాగుండి, నడిస్తే కాళ్లకు అడ్డంపడే కుచ్చు నా దృష్టిలో బాగా కుట్టినట్టు కాదు.

రెండో దారి, విజయవాడ హైవే. ఆ దారినే వెళ్లి పక్కకు తిరిగితే భూదాన్ పోచంపల్లి. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుడ్డలో ఒక గొప్ప గుణం ఉంది. అక్కడ నేశాక అద్దకం వేయరు. నేయకముందే దారాలకు ముడులు కట్టి రంగులు వేస్తారు. అందువల్ల గుడ్డకు రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. కుచ్చుకు ఇది ఎంత లాభమో ఆలోచించండి. కుచ్చు కదిలినప్పుడల్లా గుడ్డ వెనకవైపు కనిపిస్తుంది. అచ్చు వేసిన గుడ్డ అయితే వెనక వెలిసినట్టు కనిపిస్తుంది. ఇక్కత్ అయితే ఎటు తిరిగినా అదే రంగు. పెడన కలంకారీ గుడ్డ మెత్తగా, కుచ్చుకు బాగా ఒదుగుతుంది గానీ వెనకవైపు రంగు అంత గాఢంగా ఉండదు. దానితో కుచ్చు వేస్తే ఎత్తు తక్కువ పెట్టుకోండి, మూడంగుళాలు దాటనివ్వకండి. తిరగబడటం తగ్గుతుంది.

కానీ ఇక్కత్‌తో ఒక జాగ్రత్త. పెద్ద పెద్ద బొమ్మలు, ఏనుగులు, చిలకలు, పెద్ద చౌకాలు ఉన్న ఇక్కత్‌ను కుచ్చు పెట్టకండి. దయచేసి పెట్టకండి. ఆ నేతగాడు ఒక్కో దారం లెక్కపెట్టి కట్టిన బొమ్మ కుచ్చు మడతల్లోకి పోయి, ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. ఆ బొమ్మను పై భాగంలో, సాదాగా ఉన్నచోట కనిపించనివ్వండి. కింద కుచ్చుకు అదే రంగులో సాదా గుడ్డ గానీ, సన్నని గీతల గుడ్డ గానీ వాడండి. ఎవరెంత అడిగినా ఈ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను.

ఇక జాగ్రత్తలు. చిన్నవే గానీ ప్రాణానికి సంబంధించినవి. దీపావళికి పిల్లలకు నెట్, సింథటిక్ కుచ్చుల గౌన్లు వేయకండి. నిప్పురవ్వ పడితే ఆ గుడ్డ కరిగి ఒంటికి అంటుకుంటుంది. కుచ్చు విప్పారి ఉంటుంది కాబట్టి పిల్ల చూసుకోకుండానే అది దీపానికి తగులుతుంది. ఆ ఒక్క పూటకు ఒంటికి అతుక్కుని ఉండే నూలు బట్ట వేయండి. బండి వెనక కూర్చునే అక్కలు కుచ్చుల చీర కొంగును, ఫ్రిల్లు చున్నీని ఒళ్లో చుట్టుకుని కూర్చోండి. చక్రంలో చిక్కితే మెడకు బిగుస్తుంది. మెట్రో వచ్చాక మన దిల్‌సుఖ్‌నగర్‌లో, ఎల్‌బీ నగర్‌లో కదిలే మెట్లు కూడా వచ్చాయి. నేలకు తగిలే కుచ్చుల లంగాతో వాటిమీద నిలబడేటప్పుడు చేత్తో ఎత్తి పట్టుకోండి. కుట్టేవాళ్లు కూడా కొలత తీసుకునేటప్పుడే చెప్పులతో నిలబెట్టి, నేలకు రెండంగుళాలు పైకి ఉండేలా కొలవండి.

ఇస్త్రీ గురించి ఒక్క మాట. కుచ్చు మీద ఇస్త్రీపెట్టెను అటూ ఇటూ రుద్దకండి. మడతలు నలిగి చదును అవుతాయి. కింది అంచు నుంచి పైకి, పెట్టె మొనను మడతల్లోకి పోనిస్తూ, కుట్టు దగ్గర ఆపేయండి.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. అంచెలంచెల కుచ్చుల గౌను మీరు చూసే ఉంటారు, మూడు వరసలుగా దిగేది. చిన్నపిల్ల నడుము 20 అంగుళాలనుకుందాం. రెండింతల చొప్పున కుచ్చు పెడితే మొదటి అంచెకు 40 అంగుళాల గుడ్డ. రెండో అంచె దానికి రెండింతలు, 80. మూడోది 160. నడుము దగ్గర 20 అంగుళాలు, కింది అంచు చుట్టూ 160. అంటే నాలుగు మీటర్లు. అంత చిన్న నడుమున్న పిల్ల గౌనుకు నాలుగు మీటర్ల అంచు మడిచి కుట్టాలి. ప్రతి అంచెకూ రెండు వరసల దారం వేయాలి. లాగాలి. సర్దాలి. కుట్టాలి. దారం తీయాలి. ఓవర్‌లాక్ చేయాలి.

గుడ్డ తెచ్చినవాళ్లకు ఇదంతా కనిపించదు. "అక్కా, కింద ఇంకొక్క కుచ్చే గదా, యాభై తగ్గియ్యి" అంటారు. మా కాలనీల్లో గేటుకు చిన్న బోర్డు కట్టుకుని, ముందు గదిలో మిషన్ పెట్టుకుని, పిల్లల చదువులు ఆ మిషన్ మీదే నడిపిస్తున్న ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. పండగ ముందు రాత్రి ఒంటిగంట దాకా వాళ్ల గదిలో లైటు వెలుగుతూనే ఉంటుంది. ఆ మాటకు వాళ్లు ఎదురు చెప్పలేరు. పక్కింటావిడ, ఎదురింటావిడ కదా అని తగ్గించేస్తారు.

ఒక పాత సంగతి చెబుతాను. పదహారో శతాబ్దంలో ఐరోపాలో మెడ చుట్టూ పెద్ద కుచ్చుల పట్టీ పెట్టుకోవడం గొప్పింటివాళ్ల అలవాటు. ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ బొమ్మల్లో కనిపించేది అదే. సన్నని నారబట్టతో చేసేవారు. అది అలా నిటారుగా నిలవాలంటే గంజి పెట్టాలి. ఆ విద్య అక్కడ ఎక్కువమందికి తెలియదు. 1564లో ఫ్లాండర్స్ నుంచి డింగెన్ వాన్ డెన్ ప్లాసె అనే ఆవిడ లండన్ వచ్చి గంజి పెట్టడం నేర్పారు. ఊరికే నేర్పలేదు. నేర్చుకోవడానికి వచ్చిన ఒక్కొక్కరి దగ్గర నాలుగైదు పౌండ్లు, గంజి కాచే పద్ధతి చెప్పినందుకు వేరే రుసుము తీసుకున్నారని లండన్ పాత చరిత్ర పుస్తకాల్లో రాసి ఉంది. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. మన ఇళ్లలో అన్నం వార్చి గంజి పెట్టిన చేతులు ఎన్ని! ఆ పనికీ ఒక వెల ఉందని ఆమె నాలుగున్నర శతాబ్దాల కిందటే ఖాయం చేసుకున్నారు.

మన దేశంలో గాంధీగారు యంత్రాల వ్యామోహాన్ని గట్టిగా వ్యతిరేకించారు. అయినా 1924లో ఈ విషయం మాట్లాడుతూ సింగర్ కుట్టుమిషన్‌ను మాత్రం మినహాయించారు. భార్య చేతికుట్టుతో అలిసిపోవడం చూసి, ఆమె మీద ప్రేమతో సింగర్ దాన్ని తయారుచేశాడన్నది ఆయన చెప్పిన కారణం. కుట్టేవారి అలసటను చూడగలిగిన చూపు అది. మన దగ్గర బట్టలు కుట్టే అక్క వీపు నొప్పిని, కళ్ల మంటను మనం కూడా చూడగలం.

అందుకని ఇంట్లో కుట్టే అక్కచెల్లెళ్లకు ఒక పద్ధతి చెబుతాను. కుచ్చుల గౌనుకు కూలీ చెప్పేటప్పుడు గౌను లెక్కన చెప్పకండి. అంచు మీటర్ల లెక్కన చెప్పండి. మీటరు కుచ్చుకు ఇంత అని ఒక ధర అనుకోండి. గుడ్డ తెచ్చినవాళ్ల ముందే టేపు తీసి, మొదటి అంచె ఇంత, రెండో అంచె ఇంత, మూడోది ఇంత అని చీటీ మీద రాసి చూపించండి. నాలుగు మీటర్లు అనే అంకె కాగితం మీద చూశాక ఎక్కువమంది బేరమాడరు. మా దగ్గర నేర్చుకున్న వాళ్లలో కొందరు ఇలాగే చేస్తున్నారు. అడగడం తేలికైందని చెబుతున్నారు.

కుట్టించుకునేవారికి కూడా ఒక విన్నపం. ఈ పండక్కి పాప గౌను తీసుకురావడానికి వెళ్లినప్పుడు దాన్ని లోపలి వైపుకు తిప్పి చూడండి. కుట్లు చూడండి, లైనింగ్ చూడండి, కింది అంచు ఎన్ని మీటర్లు వచ్చిందో అడగండి. ఆ తర్వాత డబ్బులు లెక్కపెట్టి ఇవ్వండి.